తెగని మొలతాడు

“చూపించాను కదా మేడమ్, ఇక బయల్దేరండి,” అన్నాడు ఠాణా ఇన్‌ఛార్జి హిందీలో, ప్లాస్టిక్ సంచీని సొరుగులోకి తోసేస్తూ. బిలాస్‌పూర్‌లో అందరూ ఆయన్ని టీఐ సాబ్ అంటారు.

“మీరు చూపించలేదు సాబ్, గాల్లో ఊపారు. బల్ల మీద పెట్టండి. ముట్టుకోను,” అంది ప్రసూన.

పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఆమెకి ఇదే వరస. పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందని పక్కింటి పిన్నిగారి ఫోన్లు. ఠాణా ముందు స్కూటీ పెడితే అక్కడ వద్దని ఒకడు, ఇక్కడ వద్దని ఇంకొకడు. తీరా లోపలికి వస్తే రమణబాబు కాలు మీద కాలేసుకుని, టీఐ తాగే గ్లాసులాంటి గ్లాసులోనే టీ తాగుతున్నాడు.

రమణబాబు ఒకప్పుడు రైల్వే పోలీసు. ఆ ఉద్యోగం ఒదిలేసి అద్దాల తలుపుతో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. ప్రసూనదీ డిటెక్టివ్ ఆఫీసే, జిరాక్స్ షాపు మీద ఒక్క గది. ఆమె ఏ కేసు మొదలుపెట్టినా అవతలి పక్షాన ఈయన ప్రత్యక్షమవుతాడు.

“కూర్చో చెల్లెమ్మా. బ్యాగులో పాలసీసా తెచ్చుకున్నావా? ఇవాళ చాలాసేపు పట్టేట్టుంది,” అన్నాడు తెలుగులో.

“తెచ్చాను. మీక్కావాలంటే ఇస్తాను. ఈ వయసులో ఇంత టీ అరగదు.”

టీఐకి తెలుగు రాదు. ఇద్దరి మొహాలూ చూసి, విసుగ్గా సంచీ తీసి బల్ల మీద పడేశాడు.

అందులో ఉన్నదల్లా ఒక గుండ్రటి ఇత్తడి బిళ్ళ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సరుకుల ఓడల మీద పనిచేసిన వాళ్ళకి ఇచ్చిన గుర్తు బిళ్ళ. పేరు పూర్తిగా అరిగిపోయింది. నెంబరు మాత్రం మిగిలింది. నల్లటి మొలతాడుకి కట్టి ఉంది.

ఈ బిళ్ళ కోసమే రాంప్రసాద్ నిన్నటి నుంచి కటకటాల వెనక ఉన్నాడు. లోకో షెడ్‌లో టెక్నీషియన్. వాళ్ళ నాన్న గోవిందరావుకి పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, ఆయన సామాను సర్దుతుంటే ఇది దొరికింది. యుద్ధంలో పోయిన ఓడ మనుషుల కుటుంబాలను వెతికే రాజశ్రీ అనే ఆవిడకి కలకత్తాకి ఫోటో పంపాడు. వచ్చేవారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆ నావికుడి వారసులకి సన్మానం అన్నారు. అంతే. సిర్గిట్టిలో గోడౌన్లున్న కాంట్రాక్టరు చంద్రమౌళి నిద్ర లేచాడు. ఆ నావికుడు మా తాత సింహాచలం అన్నాడు. బిళ్ళ మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి రాంప్రసాద్ ఎత్తుకుపోయాడని ఫిర్యాదు రాసిచ్చాడు. ‘యుద్ధవీరుని మనవడు’ అని తన బొమ్మతో వీధికి అడ్డంగా ఫ్లెక్సీ కూడా కట్టించాడు.

పరాయివాళ్ళైతే అదొక దారి. గోవిందరావు ఆ ఇంట్లోనే పెంపుడు కొడుకుగా పెరిగాడు. సింహాచలం కూతురు, చంద్రమౌళి తల్లి అసిరమ్మా, గోవిందరావూ అక్కాతమ్ముళ్ళలా పెరిగారు. రాంప్రసాద్‌కి చంద్రమౌళి సాక్షాత్తూ మేనత్త కొడుకు.

ప్రసూన సంచీ మీద నుంచే తాడును గుండ్రంగా సర్దింది. జాన పెట్టి కొలిచింది. ముడి దగ్గర వేలు కాసేపు ఆగింది.

“ఏంటి, చీర కొలుస్తున్నావా?” అన్నాడు రమణబాబు.

ఆమె ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకుంది.

“నాలుగింటికి కోర్టుకి బండి బయల్దేరుతుంది,” అన్నాడు టీఐ. “చంద్రమౌళి తన నోటితో ఫిర్యాదు వాపసు తీసుకుంటే సరే. లేదంటే ముల్జిమ్ రాంప్రసాద్ జైలుకి, అతని సస్పెన్షన్ కాగితం షెడ్‌కి. నేను చేసేదేం లేదు.”

కటకటాల దగ్గర రాంప్రసాద్ గెడ్డం మాసి, షెడ్ గ్రీజు చేతులతోనే నిలబడి ఉన్నాడు.

“మీ నాన్న ఈ బిళ్ళ గురించి ఎప్పుడైనా ఏమైనా చెప్పాడా?”

“ఏమో అక్కా.”

“మీ తాత ఎవరో?”

“పెంచిన తాతే తెలుసక్కా. కన్నాయన సముద్రంలో పోయాడంట.”

“అంట అని ఎవరన్నారు?”

“ఏమో అక్కా, అందరూ అంటారు కదా.”

ప్రసూనకి ఆ కడ్డీల్లోంచి చెయ్యి పెట్టి ఒక్కటిద్దామనిపించింది. “ఏమో ఏమో అనుకుంటూ జైలుకి పోతావా? అత్తయ్య ట్రంకుపెట్టె ఎప్పుడైనా తెరిచావా, అదైనా చెప్పు!”

“లేదక్కా! మా పిల్లల మీద ఒట్టు.” మొదటిసారి గొంతు పెంచాడు. “అత్త అంటే నాకు ప్రాణం. ఆ ఇంటికి నేను పోయేదే ఆవిడ కోసం. బావ గుమ్మంలో కూర్చుని నా చెప్పుల వంక చూస్తాడు. ఉజ్జోగం పోతే నాన్నకి మందులెలా అక్కా?”

బయట స్కూటీ దగ్గర ఉండగా రాజశ్రీ ఫోను వచ్చింది. కలకత్తాలో పుట్టిన తెలుగమ్మాయి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది.

“దొరికాడండీ! ఆ నెంబరు మైలపల్లి నూకన్నది. భీమిలి దగ్గర పల్లె. కలకత్తాలో పేరు రాయించుకున్నాడు. బొంబాయి వెళ్ళి ఓడెక్కమన్నారు. రైలు మీ బిలాస్‌పూర్ మీదుగానే కదా పోయేది. ఆ ఓడ మునిగింది. ఒడ్డుకి చేరినవాళ్ళలో అతని పేరు లేదు.”

“సింహాచలం అన్న పేరు ఎక్కడైనా ఉందా?”

“లేదు. ఇంకో మాట. వీళ్ళకి ఒకే నెంబరుతో రెండేసి బిళ్ళలు ఇచ్చారు. మీ దగ్గర ఒకటే ఉంది. రెండోది ఏదీ?”

ప్రసూన జవాబు చెప్పేలోపు మధ్యలో పిన్నిగారి ఫోను. పాప పాలు కక్కిందట. తడిగుడ్డతో తుడవండి, వచ్చేస్తున్నాను అని అబద్ధం చెప్పి, బండి చంద్రమౌళి ఉండే తోర్వా వైపు తిప్పింది.

*

చంద్రమౌళి ఇంటి ముందు రమణబాబు మోటారుసైకిలు అప్పటికే ఉంది.

ముందుగదిలో చంద్రమౌళి సోఫా నిండా కూర్చుని ఉన్నాడు. అరవై దాటినా జుట్టుకి నల్లరంగు. ప్రసూనను చూసి లేవలేదు.

“అడుగమ్మా, అడుగు. రమణబాబు చెప్పాడు, నువ్వొస్తావని. నాకేం దాపరికం లేదు. సబ్ ఖుల్లా.”

“బిళ్ళ నెంబరు నూకన్న పేరు మీద ఉంది. మీ తాతగారు సింహాచలం.”

“అయితే? రైల్వేలో చేరేటప్పుడు పేరు మార్చుకున్నాడు. మా పాత క్వార్టర్ల వరసలో సగం మంది ఒకడి పేరు మీద ఇంకొకడు ఖలాసీగా చేరినవాళ్ళే. కావాలంటే పోయి కనుక్కో.”

కనుక్కోవక్కర్లేదు. అది నిజమే. ప్రసూన సొంత తాత కూడా వాళ్ళ అన్న పేరు మీద చేరి, అన్న పేరుతోనే రిటైరయ్యాడు. పొద్దున్నుంచి దొరికిన ఒక్కగానొక్క ఆధారం కాస్తా ఒక్క మాటతో కొట్టుకుపోయింది.

“ఇటు రా చెల్లెమ్మా, అసలు సాక్ష్యం చూద్దువుగాని,” అన్నాడు రమణబాబు. గొంతులో పండగ.

వెనకగదిలో మంచం కింద నుంచి ట్రంకుపెట్టె బయటకి లాగాడు. అడుగున పాత ఎర్రగుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద గుండ్రంగా పచ్చటి చిలుము మరక. రమణబాబు జేబులోంచి అట్టముక్క తీశాడు. ఠాణాలో ఉన్న బిళ్ళ కొలతకి కత్తిరించినది. మరక మీద పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

“ఏళ్ళ తరబడి ఇత్తడి ఇక్కడ పడి ఉంటే తప్ప ఈ మరక రాదు. బిళ్ళ ఈ పెట్టెలోదే. ఇప్పుడేమంటావు?”

మరక అబద్ధం కాదు. పైగా తాజాగా చేసింది కాదు. గుడ్డ పోగుల్లోకి దిగిపోయింది. రమణబాబు ఎంత చిరాకు పెట్టినా పని నేర్చినవాడేనని ఒప్పుకోక తప్పలేదు. ప్రసూన మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు వేసింది. మరక చుట్టూ గుడ్డ రంగు వెలసింది. ఆ వెలసిన చోట పాము చుట్టలా సన్నటి ముదురు గీత, ఒక చుట్టు, రెండు చుట్లు, మూడో చుట్టు సగం.

ఆమె లేచి ముందుగదిలోకి నడిచింది.

“చంద్రమౌళిగారూ, మీ తాతగారు ఆ బిళ్ళ ఎక్కడ పెట్టుకునేవారు? మెడలోనా?”

చంద్రమౌళి చూపు ఒక్క క్షణం రమణబాబు మీదకి పోయి వచ్చింది. “మెళ్ళో ఎందుకు? మొలతాడుకి. తాడు చూశావుగా.”

“మీరు చూశారా?”

“చూడకేం! చిన్నప్పుడు తాత నూతి దగ్గర స్నానం చేస్తుంటే ఆ బిళ్ళ పట్టుకుని ఆడుకునేవాణ్ణి.”

“ఎప్పటిదాకా ఉంది ఆయన మొలకి?”

“పోయేదాకా. తాత దాన్ని ఒక్కరోజు విప్పలేదు. రాసుకో, ఇది కూడా రాసుకో.”

“పోయినప్పుడు తాడు ఎవరు తెంపారు?”

చంద్రమౌళి మళ్ళీ రమణబాబు వైపు చూశాడు.

“మన ఇళ్ళల్లో మగమనిషి పోతే, పాడె మీదకి ఎత్తేముందు మొలతాడు తెంపుతారు కదండీ,” అంది ప్రసూన. గొంతు నెమ్మదిగానే ఉంది గాని పొద్దున్నుంచి మింగిన చిరాకంతా అందులో ఉంది. “ఠాణాలో ఉన్న తాడు తెగలేదు. ముడి వేసింది వేసినట్టే ఉంది. పైగా ఆ తాడు చుట్టూ కొలిస్తే రెండు జానలు దాటి నాలుగు వేళ్ళు. మీ తాతగారి మొల సంగతి అటుంచండి, మీ తొడకైనా పడుతుందా? అది పసిపిల్లాడి మొలతాడు. పిల్లలకి తాడు బిగువైతే ముందు కొత్తది కట్టి, తర్వాత పాతది కాళ్ళ మీదుగా దింపి తీసేస్తారు. తెంపరు. పోయిన నెలే మా పాపకి చేశాను. ఓడెక్కబోయే తండ్రి తన బిళ్ళ ఒకటి తీసి పిల్లాడి మొలకి కట్టాడు. ఆ పిల్లాడు ఈ ఇంట్లో పెరిగినవాడు, గోవిందరావు.”

రమణబాబు చేతిలోని అట్టముక్క నలిగింది. “అరే యార్,” అన్నాడు తనలో తాను. “మొలకి అని చెప్పమంది నేనే.”

“నువ్వు నోర్ముయ్,” అన్నాడు చంద్రమౌళి. మొహం ఎర్రబడింది. “అయితే పెట్టెలో మరక ఎక్కణ్ణుంచొచ్చింది? ఆకాశంలోంచి ఊడిపడిందా?”

“అదే అడుగుతున్నాను. బిళ్ళలు రెండు. ఆ గుడ్డ మీద పడుకున్నది రెండోది. దాని తాడు పొడుగు, పెద్ద మనిషిది. చిలుము పక్కనే తాడు చుట్లు కూడా దిగాయి. మీరు ఫిర్యాదు రాసేముందు పెట్టె తెరిచి చూస్తే ఖాళీగా కనబడింది, అవునా? ఎత్తుకుపోయాడనుకున్నారు. ఇంట్లోవాళ్ళని అడగాలని తోచలేదు.”

*

అసిరమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది. నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకునే అడ్డపొగ. ఎనభై ఏడేళ్ళు. చెవులు పనిచేస్తున్నాయి, లోపల జరిగిన ప్రతి మాటా విన్నదని ఆమె కళ్ళే చెబుతున్నాయి.

ప్రసూన ఎదురుగా నేల మీద కూలబడింది. “మామ్మా, రాంప్రసాద్‌ని జైలుకి పంపేస్తున్నారు.”

“ఇన్నాను. ఆ ఫ్లెక్సీ కట్టిన కాడ్నుంచీ నాకు కూడెక్కట్లేదు.”

“రెండోది నీ దగ్గరే ఉంది కదూ?”

ముసలామె చుట్ట తీసి గోడకి నొక్కి ఆర్పింది. బొడ్డుసంచి విప్పి, పొగాకు ముక్కల అడుగు నుంచి ఒక గుడ్డమూట తీసింది. “మా యమ్మ ఇచ్చింది. గోవిందు పెద్దోడయ్యాక ఇచ్చీయమంది. నాకు దైర్నెం సాలక ఇన్నేల్లు కూకోబెట్టినాను. ఆడికి ఇప్పుడు మాటే లేదు.”

అదే బిళ్ళ. అదే నెంబరు. నల్లతాడు పొడుగ్గా, పాతబడి, పెళుసుగా ఉంది. ముడి ముడిలాగే ఉంది. తాడు మాత్రం ముడికి అవతల తెగింది. చిరిగిన పోగులు కావు. కత్తితో ఒక్క కోత.

ప్రసూన దాన్ని చేతిలోకి తీసుకుని ఆ కోతను వేలితో తడిమింది. వెనకే వచ్చిన రమణబాబు వంగి చూశాడు. అతనికీ ఈసారి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

“సముద్రంలో పోయినవాడి మొలతాడు కొయ్యడానికి ఎవరుంటారు చెల్లెమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

“ఎవరూ ఉండరు.” ప్రసూన, వాళ్ళ వెనకే వచ్చి నిలబడ్డ చంద్రమౌళి వైపు తిరిగింది. “నూకన్న తిరిగొచ్చాడు. కొయ్యాలని తెలిసినవాళ్ళ మధ్యనే పోయాడు.”

“వొచ్చినాడే అమ్మీ,” అంది అసిరమ్మ. “యుద్దెం ఆగిపోనాక వొచ్చినాడు. మా క్వార్టర్‌కే.”

చంద్రమౌళి గుమ్మం పట్టుకున్నాడు. ఫ్లెక్సీ గుర్తొచ్చిందో, ఊళ్ళో నవ్వులు గుర్తొచ్చాయో, మొహం వేలాడేశాడు. కాని తెలివితక్కువవాడు కాదు. ఇంకా లాగితే తన మీదే తప్పుడు ఫిర్యాదు కేసు పడుతుందని లెక్క వేసుకున్నాడు.

“సరే, సరే. పొరపాటైంది. పెట్టెలో కనబడకపోతే ఎవడైనా అదే అనుకుంటాడు. ఇప్పుడే టీఐకి చెబుతాను, వదిలేయమని.” ఫోను తీశాడు. “హలో, టీఐ సాబ్? చంద్రమౌళి. హా జీ. వో చోరీవాలా మామ్లా... గల్తీ హో గయీ సాబ్... హా, ఉంటాను, ఉంటాను.” ఫోను చెవికే పెట్టుకుని ప్రసూనతో అన్నాడు: “ఇంకో లైనులో ఉన్నాడు. ఉండమన్నాడు. చాలా? తృప్తేనా?”

చాలు. పని అయిపోయింది. బ్యాగు సర్దుకుని పాప దగ్గరికి పోవచ్చు. ప్రసూన లేవబోయింది కూడా. కాని అడగకుండా ఉండలేకపోయింది. అది కేసుకి సంబంధించిన ప్రశ్న కాదు.

“మామ్మా, పోయేముందు కొడుకుని చూసుకున్నాడా?”

అసిరమ్మ తల అడ్డంగా ఊపింది.

“మా యమ్మకి ముగ్గురు మగగుంటలు పురిట్లోనే పోనారు. ఓడెక్కడానికెల్తా నూకన్నబావు గోవిందుని ఒల్లో ఏసినాకే మల్లీ మనిసైంది. నూకన్నబావు వొచ్చినాడు. ఎముకల గూడు. జొరం, ఒల్లు పెనం నాగ కాల్తంది. నా కొడుకుని పట్టుకెల్లిపోతానన్నాడు. మా యమ్మ గోవిందుని పక్క క్వార్టర్‌లో దాసీసింది. ఊరెల్లినాడని సెప్పీసింది. గోవిందో, గోవిందో అని పిలిసినాడే. గోడవతల గుంటడు ఆడుకుంటన్నాడు. మేమెవులుమూ పలకనేదు.”

“అమ్మా, లోపలికి నడు,” అన్నాడు చంద్రమౌళి. చెవి దగ్గరి ఫోను కిందకి దిగింది.

“జ్వరంతో పోయాడన్నమాట,” అంది ప్రసూన, ముసలామె చెయ్యి పట్టుకుని. అలా అనేస్తే ఇక్కడితో ఆగుతుందేమోనని ఆశ.

“మా అయ్య, ఈడి తాత, ముందే తాడు కోసీసినాడు. గుడ్డ కప్పీసినాడు. అప్పుడు నలుగుర్నీ కేకేసి, పోనాడన్నాడు.” అసిరమ్మ కళ్ళు ప్రసూన మీద లేవు. “నాను కాల్లకాడే కూకున్నాను. పదేల్లయినా నేవు నాకు. ఆల్లు వొచ్చీలోగా... గుడ్డ కదిలిందే అమ్మీ.”

 ప్రసూన అరచేతిలో ఉన్న బిళ్ళ మీద వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

చంద్రమౌళి చేతిలోని ఫోన్లోంచి టీఐ గొంతు చిన్నగా వినబడింది. “హలో? హా, బోలియే చంద్రమౌళిజీ. ఏం పొరపాటు?”

చంద్రమౌళి ఫోను మెల్లగా చెవి దగ్గరికి తీసుకున్నాడు. తల్లి వంక చూశాడు. ప్రసూన పిడికిలి వంక చూశాడు.

“ఏం లేదు సాబ్,” అన్నాడు హిందీలో, చాలా మామూలు గొంతుతో. “పొరపాటేం లేదు. దొంగతనమే. వాణ్ణి కోర్టుకి తీసుకెళ్ళండి. ఇంకో దొంగ ఇక్కడ మా ఇంట్లోనే దొరికింది. చేతిలో మాలు ఉంది. తీరిక చేసుకుని ఎవరినైనా పంపండి, తొందరేం లేదు.”

ఫోను జేబులో వేసుకుని, “రమణబాబూ, వీధి తలుపు వెయ్యి,” అన్నాడు.

రమణబాబు ఒక్క క్షణం కదల్లేదు. ఆ తర్వాత, ప్రసూన మొహం చూడకుండా, ఆమె పక్కనుంచే ముందుగదిలోకి నడిచాడు. గొళ్ళెం పడిన చప్పుడు పెరటిదాకా వినబడింది.